కొలంబో పాటమ్మ

పోయిన వారం వేలూరు బాగాయంలో మా మనవరాలి ఇంట్లో టీవీ చూస్తూ కూర్చున్నాం. పాటల పోటీ. దేశానికొకరు చొప్పున వచ్చి పాడుతున్నారు. వాళ్ళలో ఒకామె ఎన్నో ఏళ్ళ కిందట ఇదే పోటీలో గెలిచిందట. మళ్ళీ వచ్చి కొత్తవాళ్ళ వరసలో నిలబడింది.

"ఒగతూరి గెలిచినామె మళ్ళీ ఎందుకవ్వా వచ్చేది? ఓడిపోతే ఉండే పేరూ పోతాది గదా" అంది నా మనవరాలు.

నేను ఆ గాయని నోరు తెరవకముందే లేచి పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. చూడలేకపోయాను. ఎవరో పరాయి దేశపు మనిషి ఓడితే నాకేమిటి, గెలిస్తే నాకేమిటి? కానీ ఆమె మైకు ముందుకు నడిచి వచ్చిన తీరులో మా అత్త కనిపించింది.

అత్త అంటే మా నాయనకు అక్క. మాది వేలూరు దగ్గర గుడియాత్తంలో కట్టడం పని చేసుకొనే కుటుంబం. నాయనా, అత్త మొగుడు మామా ఇద్దరూ మేస్త్రీలు. ఆ రోజుల్లో మిద్దె వేయడమంటే సిమెంటు కాదు. దూలాల మీద ఇటుకలు పేర్చి, వాటి మీద సున్నమూ ఇటుకజల్లీ కలిపి పోసి, కరక్కాయా బెల్లమూ నానేసిన నీళ్ళు చల్లుతూ, ఆడవాళ్ళు ఎదురెదురు వరసల్లో కూర్చొని చెక్కలతో రోజుల తరబడి దంచేవాళ్ళు. దెబ్బలన్నీ ఒక్కసారిగా పడాలి. పడకపోతే వానాకాలంలో మిద్దె కారుతుంది. అందుకని పాట. ఒకరు ఎత్తుకోవాలి, తక్కినవాళ్ళు అందుకోవాలి. గుడియాత్తంలో ఏ మిద్దె మీదైనా పాట ఎత్తుకొనేది మా అత్తే.

"యేటి కవతల యెవురుండారు?" అని ఆమె ఎత్తుకొనేది.

"మనోళ్ళుండారు, మనోళ్ళుండారు" అని వరసలు రెండూ అందుకొనేవి. 'డా' దగ్గర చెక్కలన్నీ కిందికి పడేవి. వీధి చివర ఉన్నవాళ్ళకు ముందు ఆ దెబ్బ వినబడేది, తరువాత పాట.

అత్త కుడిచెయ్యి ఊరికే ఉండేది కాదు. కాఫీ తాగుతున్నా, ఎవరితోనన్నా మాట్లాడుతున్నా, ఎడమ చేతికి పని ఉంటే కుడిచెయ్యి తొడ మీదో, రోలు అంచు మీదో, పక్కన కూర్చున్నవాళ్ళ వీపు మీదో దరువు వేస్తుండేది. ఆ పక్కన కూర్చున్నది ఎక్కువగా నేనే. జొరం వచ్చి పడుకుంటే నా వీపు మీద ఒక మిద్దె మొత్తం దంచేసేది.

ఆమె మొదటిసారి కొలంబో పోయింది తెల్లదొరల కాలంలో. "నేను పోట్టీకని పోలేదమ్మణ్ణీ. మిద్దె దంచను పోతిని" అని మొదలుపెట్టేది ఎప్పుడు చెప్పినా. అక్కడ ఒక పెద్ద వర్తకుడు మేడ కట్టిస్తూ మామ ముఠాను పిలిపించుకున్నాడు. ఆ ఊళ్ళో ఏదో వేడుకకు పాటల పోటీ పెట్టారు. బర్మావాళ్ళు, మలయావాళ్ళు, సింహళంవాళ్ళు, ఎవరి భాషలో వాళ్ళు పాడారు. వర్తకుడు తన మేడ మీద పాడుతున్న ఆడవాళ్ళను అట్లాగే బండెక్కించి పంపాడు. అత్త ఎత్తుకుంది, ముఠా అంతా అందుకుంది. స్టేజీ చెక్కలు విరిగిపోతాయేమోనని నిర్వాహకులు భయపడ్డారట. పరిసు, మొదటి బహుమతి, వాళ్ళకే వచ్చింది. ఒక వెండి కప్పు. అందులో అత్త వక్కాకు సున్నం పెట్టుకొనేది.

గుడియాత్తంలో దిగినప్పుడు మేళం పెట్టి ఊరేగించారట. అప్పటినుంచి ఆమె కొలంబో పాటమ్మ. పిల్లలు ఆ పేరుతో పిలిస్తే కసురుకున్నట్టు నటించి, తరువాత బెల్లంముక్క ఇచ్చేది.

తెల్లవాళ్ళు పోయారు. కొన్నాళ్ళకు ఆంధ్ర కూడా విడిపోయింది. చిత్తూరు అటు పోయింది, మేము ఇటు ఉండిపోయాం. ఏ ఊరు ఎవరిదని టీ అంగళ్ళలో కొట్లాటలు జరుగుతున్న ఆ రోజుల్లోనే వర్తకుడి మనిషి ఒకడు వేలూరు నుంచి వచ్చాడు. కొలంబోలో మళ్ళీ పోటీ పెడుతున్నారు, ఈసారి చాలా పెద్దది, పాత విజేతలను కూడా పిలుస్తున్నారు అని చెప్పాడు. కాకపోతే ఒక్కొక్కరే పాడాలి. ముఠాలు పనికిరావు.

నాయన ఒప్పుకోలేదు. "గెలిచిన కోడిని మళ్ళీ పందెంలో దించేది మంచిది కాదక్కా."

"నేను కోడినా? ఆ తూరి పరిసు ఇచ్చేటప్పుడు ఏమని పిలిచినారో తెలుసునా? మదరాసు కూలి పొంబళై అనిరి, కూలి ఆడదంట. నా పేరు వాళ్ళ నోట్లో రాలేదు. ఈ తూరి పేరు పెట్టి పిలుస్తారంట. దేశం పేరు పలక మీద రాసి పక్కన పెడతారంట. అది వినను పోతాను" అంది అత్త.

ఆ తరువాత మా ఇంటికి పెద్దమనుషుల రాకపోకలు మొదలయ్యాయి. వేలూరు నుంచి ఒకాయన వచ్చి, తమిళనాటి మనిషివి కాబట్టి తమిళంలోనే పాడమన్నాడు. ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపింది. చిత్తూరు నుంచి ఒక తెలుగు అయ్యవారు వచ్చాడు. తెల్లటి మనిషి, సన్నటి గొంతు, చేతిలో ఎప్పుడూ మడతపెట్టిన కండువా. అత్త పాట కళ్ళు మూసుకొని విన్నాడు.

"పాట చక్కగా ఉంది తల్లీ. మాటలే మోటుగా ఉన్నాయి. నాలుగు దేశాలవాళ్ళ ముందు పాడతావు. మన భాష ఇదా అనుకోరూ? 'ఉండారు' ఏమిటమ్మా? 'ఉన్నారు' అనాలి. మనోళ్ళు కాదు, మనవారు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట ఇప్పుడు కూడా చెప్పగలను. ప్రతి ఆదివారం సొంత ఖర్చుతో బస్సెక్కి వచ్చేవాడు. అత్తకు తెలుగు అక్షరాలు రావు. మా ఇంట్లో ఎవరికీ రావు, మేమంతా తమిళం బడికి పోయినవాళ్ళం. అందుకని ఆయన ఒక్కొక్క చరణం నోటితో చెప్పించేవాడు. నేను పక్కన కూర్చొనేదాన్ని. అత్త పాఠం మధ్యలో ఊపిరి తీసుకుంటున్నప్పుడు నా పలక మీద అ ఆ లు దిద్దించేవాడు. ఈ నాలుగు ముక్కలు నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ ఆదివారాల వల్లనే. తలచుకుంటే తల వంగిపోతుంది. అత్తకు పాట పోతూ ఉంది, నాకు అక్షరాలు వస్తూ ఉన్నాయి.

"యేటి కావల ఎవరున్నారు?" అని ఆమె పాడేది. కుడిచెయ్యి తొడ మీద పడబోయి ఆగిపోయేది. 'డా' లేదు కదా, చెయ్యి ఎక్కడ పడాలో దానికి తెలిసేది కాదు. పాత మాట జారితే వేళ్ళతో నోటి మీద కొట్టుకొనేది. చివరికి ఇంట్లో కూడా సవరించుకోవడం మొదలుపెట్టింది. ఒకనాడు భోజనాల దగ్గర "ఉప్పు ఎక్కడ ఉంది?" అంది. ఎప్పుడూ "యాడుండాది" అనే మనిషి. మేమందరం నవ్వాం. ఆమె కంచం ముందు నుంచి లేచిపోయింది.

వేలూరులో పాస్‌పోర్టుకు ఫోటో తీయించుకొని, మామను తోడు తీసుకొని, ధనుష్కోడి రైలెక్కి పోయింది. స్టేషనుకు ఊరంతా వచ్చింది.

తిరిగి వచ్చినప్పుడు మేము కొద్దిమందిమే ఉన్నాం. మామ ముందు ట్రంకుపెట్టె పట్టుకొని దిగాడు. వెనకాల అత్త, కొంగు నొసటి దాకా లాక్కొని. "జలుబు చేసింది. గొంతు పట్టలేదు" అన్నాడు మామ, ఎవరూ అడగకముందే. ఊళ్ళోవాళ్ళు, సిలోన్‌వాళ్ళు మోసం చేసినారని తమలో తాము అనుకొని ఊరుకున్నారు.

నాకు మాత్రం అత్త ఒకనాడు చెప్పింది. నా తల దువ్వుతోంది. ఆమె ముఖం నాకు కనబడదు, అందుకే చెప్పిందనుకుంటాను.

"నన్ను ఎక్కిరించినారమ్మణ్ణీ."

మొదటి చరణం బాగానే సాగిందట. రెండో చరణంలో పాత మాట జారింది. "యెవురుండారు" అనేసింది. వెంటనే హాలు వెనక నుంచి, చీకట్లో నుంచి, ఒక గుంపు గొంతెత్తి "మనోళ్ళుండారు, మనోళ్ళుండారు" అని అరిచింది. ముందు కుర్చీల్లోని పెద్దమనుషులు వెనక్కి తిరిగి చూసి నవ్వారు.

"నా మాటను నాకే తిప్పి కొట్టినారు. ఎవురో మన భాష తెలిసినోళ్ళే. నా మోటు మాట పట్టుకున్నారు.  పక్క వాకిలి నుంచి బయటికి వచ్చేస్తిని."

"నీ పేరు పిలిచినారా అత్తా?"

"పిలిచినారు. చెవుల్లో గుయ్యిమంటా ఉండె. వినబళ్ళేదు."

 మళ్ళీ నా జుట్టు చిక్కు తీయసాగింది.

ఆ తరువాతి అత్తే నాకు ఎక్కువగా గుర్తు. ఇంటి గడప దాటితే తెలుగు మాట్లాడేది కాదు. అంగట్లో తమిళం, బస్సులో తమిళం. ఎవరన్నా చిత్తూరు వైపువాళ్ళు తెలుగులో దారి అడిగితే తల అడ్డంగా ఊపి కిటికీ వైపు తిరిగేది. మిద్దె దంచను పోవడం మానేసి ఇటుకలు మోసే పనికి పోయింది. అక్కడ పాట అక్కర్లేదు. కూర్చున్నప్పుడు కుడిచెయ్యి మీద ఎడమచెయ్యి పెట్టుకొనేది, పసిబిడ్డను పట్టుకున్నట్టు. ఎవరైనా పాట మాట ఎత్తితే, "పాటా? యాడి పాట? అది పోయె" అనేది.

అయ్యవారు ఒకసారి చూడటానికి వచ్చాడు. అత్త గదిలో నుంచి బయటికి రాలేదు. ఆయన అరుగు మీద చాలాసేపు కూర్చొని, పోతూ పోతూ నాతో, "నేను మేలు చేస్తున్నాననుకున్నానమ్మా" అన్నాడు. ఆయన కండువా మడత విప్పి ముఖం తుడుచుకోవడం నేను చూడటం అదే మొదటిసారి, కడసారి కూడా.

నా పెళ్ళిలో ముత్తైదువలు పాట పాడమని పట్టుబట్టారు. అత్త వంటపందిట్లోకి పోయి, వంటవాడి చేతిలో గరిటె లాక్కొని సాంబారు కలుపుతూ నిలబడింది. అడుగు అంటుతుందని వాడు మొత్తుకున్నా కదలలేదు. మా అత్తగారివాళ్ళు, "మీ అత్తకు పొగరా?" అని అడిగారు. కాదని చెప్పాను. 

కొన్నేళ్ళు గడిచాయి. సిలోను తోటల్లోని మన జనాన్ని ఓడలెక్కించి ఇండియాకు పంపిస్తున్న కాలం. నేను గుడియాత్తంలోనే బడిలో పని చేస్తున్నాను. ఒక శనివారం మధ్యాహ్నం అత్త ఇంట్లో ఉన్నాను. వాకిట్లోకి ఒక ఆడమనిషి వచ్చి గొడుగు ముడిచింది. నడివయసు. తేయాకు కోసి కోసి వేళ్ళ కొసలు నల్లబడి ఉన్నాయి.

"కొలంబో పాటమ్మ ఇల్లు ఇదేనా?"

ఆ పేరు విని ఎన్నాళ్ళయిందో. అత్త "ఇంగే అప్పిడి యారుం ఇల్లై" అంది, అట్లాంటివాళ్ళు ఎవరూ లేరని.

ఆ మనిషి నవ్వింది. "నువ్వేలే అమ్మా. అదే గొంతు. మాది వేలూరవతల పొన్నై. మా తాత కాలంలో తోటలకు పోయినోళ్ళము, ఇప్పుడు తిరిగి వచ్చినాము. ఆడ ఇండియావాళ్ళు అనిరి, ఈడ సిలోన్‌వాళ్ళు అంటా ఉండారు. అది పోనీ. నిన్ను చూడాలని మా తోటోళ్ళంతా ఎన్నాళ్ళుగానో అంటా ఉండారమ్మా. గుడియాత్తంలో అడిగితే ఎవురన్నా చెప్తారని వస్తిని."

అత్త కూర్చోమనలేదు. నేను చాప వేశాను.

"నీ పాట రోజు మేము ఆ హాల్లోనే ఉంటిమి" అంది ఆమె కూర్చుంటూ. "మన ఊర్ల పక్కామె పాడతాదంటే కొండ మింద తోటల నుంచి రైలెక్కి వస్తిమి, ఆడోళ్ళమంతా. లోపల కూర్చోను విడవలేదు. వెనక గోడకానుకొని నిలబడితిమి. నువ్వు మొదులు పాడినప్పుడు ఏం మాటలో మాకు అర్థం కాలేదు. మన పాట మాదిరి ఉండాది, మన పాట కాదు. ఒగరి మొగాలు ఒగరు చూసుకొంటిమి. తర్వాత ఎత్తుకున్నావు చూడు, యెవురుండారు అని! అంతే, మా అవ్వ పాట! మా గొంతులు మా చేతిలో లేవు. అందుకొనేస్తిమి."

అత్త గోడకు చేరబడింది. "మీరా?"

"మేమే."

"ఎక్కిరించినారనుకొంటిని."

 వచ్చినామె రెండు చేతులూ చెంపలకు పెట్టుకుంది. "అయ్యో తల్లీ! ఎక్కిరించేదా! ఏడిస్తిమమ్మా ఆ పొద్దు. నువ్వు పాట నడాన లోపలికి పోయినావు గదా, గొంతు ఎండిందేమో, నీళ్ళు తాగను పోయింది, వచ్చేస్తాది అనుకొంటిమి. నువ్వు వచ్చేదాకా పాట పడిపోకూడదని అందుకొంటానే ఉంటిమి. మనోళ్ళుండారు, మనోళ్ళుండారు అని, అదొక్కటే. తర్వాత కాపలావాడు వచ్చి కట్టెతో అదిలించి బయటికి తరిమినాడు. వీధిలో కూడా కొంచెం దూరం పాడితిమి."

అత్త ఏడవలేదు. లేచి వంటింట్లోకి పోయింది. చాలాసేపు రాలేదు. నేను వెళ్ళి చూస్తే పొయ్యి ముందు కూర్చొని ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"నాకు నా మాటే సిగ్గాయె గదా అమ్మణ్ణీ" అంది. "అందుకే మనోళ్ళ గొంతు కూడా నాకు ఎక్కిరింపు మాదిరి వినబడె. వాళ్ళు కొండ దిగి వచ్చినారు. నేను వాళ్ళను కట్టెతో కొట్టించినాను."

"నువ్వెందుకు కొట్టిస్తావత్తా?"

"నేనే" అంది.

మరుసటి ఆదివారం నన్ను తోడు తీసుకొని పొన్నైకి బయలుదేరింది. వేలూరులో బస్సు మారాం. దారి పొడవునా ఒకటే మాట. "నాకు మొగం చెల్లదు. ఏమని పోయేది? దిగిపోదామా?" ప్రతి స్టాపు దగ్గరా లేచేది. నేను కొంగు పట్టుకొని కూర్చోబెట్టేదాన్ని.

ఊరి చివర, చెరకు తోటల పక్కన, తాటాకు కప్పిన కొట్టాలు నాలుగైదు ఉన్నాయి. సిలోను నుంచి వచ్చినవాళ్ళు అక్కడే ఉంటున్నారు. మా ఇంటికి వచ్చినామె ఎదురొచ్చి చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది. ఆడవాళ్ళు కొంతమంది చేరారు. అత్త ఎవరి ముఖమూ చూడలేదు. నేల మీద కూర్చొని, నేలనే చూస్తూ ఉంది. కొట్టం నీడలో నులకమంచం మీద ఒక ముసలామె పడుకొని ఉంది. మా ఇంటికి వచ్చినామెకు ఆమె అత్తగారు. చూపు పోయింది. ఎవరు వచ్చారో ఆమెకింకా చెప్పలేదని కోడలు నా చెవిలో అంది.

ఎవరూ పాడమని అడగలేదు. కాఫీ తాగాం. చెరకు గురించి మాట్లాడారు. ఉన్నట్టుండి అత్త కుడిచెయ్యి మట్టి నేల మీద ఒకసారి పడింది. మళ్ళీ పడింది.

గొంతు బొంగురుపోయింది. మొదటి మాట సగంలో విరిగింది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. "యేటి కవతల యెవురుండారు?" ఆడవాళ్ళు అందుకున్నారు. అరచేతులు నేల మీద పడ్డాయి, అన్నీ ఒక్కసారిగా. చరణం తరువాత చరణం, ఒక్క మాట మార్చకుండా, తల ఎత్తకుండా, పాట మొత్తం పాడింది.

అయిపోయాక మంచం మీది ముసలామె అటు తిరిగింది.

"ఎవురమ్మా నువ్వు? బాగనే ఎత్తినావు. అయినా కొలంబోలో ఆ పొద్దు ఒకామె ఎత్తింది చూడు, అదీ పాటంటే! మన పక్కామేనంట. పాపం, నడాన నీళ్ళు తాగను పోయింది. మళ్ళీ లోపలికి రానిచ్చినారో లేదో ఆ పాడు నాయాండ్లు."

కోడలు ఏదో చెప్పబోయింది. అత్త చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. మోకాళ్ళ మీద మంచం దగ్గరికి జరిగింది.

"ఆమెకు మీరెవురో తెలీదమ్మా."

"ఎట్ల తెలుస్తాది? మేము చీకట్లో ఉంటిమి. దీపమంతా ఆమె మిందనే ఉండె."

అత్త మంచం పట్టెను రెండు చేతులతో పట్టుకుంది. "ఆమె నేనే. నేను నీళ్ళు తాగను పోలేదమ్మా" అంది.

 ముసలామె చూపులేని కళ్ళు చూరు వైపు ఉన్నాయి. ఆమె చెయ్యి మంచం అంచు వెంట తడుముకుంటూ వచ్చి అత్త తల మీద ఆగింది. నెరిసిన వెంట్రుకలను కాసేపు అట్లాగే పట్టి చూసింది.

"కోడలా" అంది, "ఈమెకు నీళ్ళియ్యవే."

కోడలు చెంబు తెచ్చి ఇచ్చింది. అత్త దాన్ని నోటి దాకా ఎత్తి, తాగలేక, ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. రోడ్డు మీద వేలూరు బస్సు హారను కొట్టింది. అదే కడపటి బస్సు. నేను లేచాను. అత్త లేవలేదు.